ప్రెజర్ పంపు కొనేముందు ఒక బకెట్, ఒక లెవెల్ పైపు

మీరు రాసినది ముందు నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా పొరపాటు పడితే సరిదిద్దండి. ఒంగోలులో మీ నాన్నగారు 22 ఏళ్ల క్రితం కట్టించిన ఇల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా. డాబా మీద రెండు వరుసల ఇటుకల దిమ్మె, దాని మీద 1,000 లీటర్ల ట్యాంకు. కింద అద్దెకున్నవారికి నీళ్లు బాగానే వస్తున్నాయి. పైన మీ వంటింటి కుళాయి మూడు నాలుగేళ్లుగా కొద్దికొద్దిగా సన్నబడుతూ వచ్చింది. నిరుడు బాత్‌రూమ్ బాగు చేయించి పళ్లెమంత షవర్ పెట్టించారు, అది మొదటి రోజు నుంచీ చినుకులే. పొద్దున మోటారు వేసి ట్యాంకు నింపగానే కాస్త నయం, పది గంటలకల్లా మళ్లీ అంతే. ప్రెజర్ పంపు పెట్టించమని ప్లంబర్ చెప్పారు, పెట్టించాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే పెట్టించకండి. ఒంగోలు, టంగుటూరు, పొదిలి వైపు 26 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పంపు బిగించడం మాకు ఒక పూట పని, ఇంటివారికి కూడా వెంటనే తేడా కనిపిస్తుంది. అందుకే చాలామంది నేరుగా అక్కడికే వెళతారు. కానీ మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో ఉన్నవి రెండు వేరువేరు జబ్బులు. వంటింటిది ఏళ్ల తరబడి పెరిగినది. షవర్‌ది పుట్టుకతో వచ్చినది. మొదటిదానికి పంపు మందే కాదు. రెండోదానికి అవసరం కావచ్చు, కాకపోవచ్చు. అది కొలిచి తేల్చుకోవలసిన సంగతి.

డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకు ఒత్తిడి ఎత్తు వల్లనే వస్తుంది, వేరే ఎక్కడి నుంచీ రాదు. ట్యాంకు పెద్దదైనా, చిన్నదైనా, మీ కుళాయికి పైన నీటిమట్టం ఎన్ని అడుగులుంటే అంతే ఒత్తిడి. 10 మీటర్లు, అంటే 33 అడుగుల ఎత్తుంటే మేము ఒక కేజీ ప్రెజర్ అంటాం. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. పై వాటా నేల నుంచి డాబా దాకా 10 అడుగులు, దిమ్మె ఒక అడుగు, మొత్తం 11. షవర్ 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ట్యాంకు అడుగు భాగం షవర్‌కు కేవలం 4 అడుగుల పైన ఉంది. ట్యాంకు నిండుగా ఉంటే ఇంకో 4 అడుగులు కలిసి 8 అవుతుంది. ట్యాంకు తగ్గేకొద్దీ ఆ 8 మళ్లీ 4 వైపు దిగుతుంది. ఉన్న ఒత్తిడిలో సగం పోయినట్టే. పొద్దున నయంగా ఉండి పది గంటలకు తగ్గడానికి ఒక కారణం ఇదే. కింది వాటా షవర్‌కు ఇంకో 10 అడుగులు కలుస్తాయి కాబట్టి వారికి 14 నుంచి 18 అడుగులు. వారికి ఇబ్బంది తెలియకపోవడంలో వింత లేదు.

రెండో కారణం మీరు గమనించారో లేదో. కింది వాటావారు బట్టలు ఉతికేటప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు మీకు ధార తగ్గుతుందా? ఇద్దరికీ ట్యాంకు నుంచి ఒకే పైపు దిగితే, కింద కుళాయి తిప్పగానే నీళ్లు ఎక్కువ లోతున్న వైపే పరుగెత్తుతాయి. మధ్యలో ఉన్న మీ కొమ్మకు మిగిలేది తక్కువ. కొన్ని ఇళ్లలో పై కుళాయి తెరిచి చెయ్యి అడ్డం పెడితే నీళ్లు రాకపోగా గాలి లోపలికి పీల్చుకోవడం తెలుస్తుంది. ఇది ట్యాంకు తప్పు కాదు, ఆ ఉమ్మడి పైపు సన్నబడిందని, లేదా మొదట్లోనే సన్నది వేశారని గుర్తు.

సరే, ఇక కొలత. ఆదివారం పొద్దున ట్యాంకు నింపి మోటారు ఆపేయండి. 15 లీటర్ల బకెట్ తీసుకోండి. ఫోనులో సెకన్లు చూసుకుంటూ ముందు పై బాత్‌రూమ్‌లో కింద ఉండే బకెట్ కుళాయిని, తర్వాత వంటింటి కుళాయిని పూర్తిగా తెరిచి నింపండి. వంటింటి కుళాయిని రెండుసార్లు కొలవాలి: ఒకసారి ఉన్నట్టుగా, రెండోసారి దాని మూతికి ఉండే చిన్న జాలీ విప్పేసి. నా అనుభవంలో మీ ఎత్తుకు బకెట్ ఒకటింబావు నిమిషంలోపు నిండితే ఆ లైనుకు జబ్బు లేదు. రెండు నిమిషాలు దాటితే ఎక్కడో అడ్డం ఉంది. జాలీ తీయగానే ధార మారిపోతే మీ పని అక్కడితో అయిపోయింది. ఆ జాలీని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. ఇంత చిన్న పనికి పంపు కొన్న ఇళ్లు నాకు తెలుసు, ఆ ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జాలీ తీసినా మారకపోతే అసలు పరీక్ష చేయాలి. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ పైపు ఉంటుంది కదా, అది ఒక 25 అడుగులు తీసుకోండి. ఒక కొసను వంటింటి కుళాయి మూతికి తొడిగి క్లిప్పుతో బిగించండి. రెండో కొసను కిటికీలోంచి బయటికి తీసి, డాబా మీదికి చేర్చి, పిట్టగోడ పక్కన ట్యాంకు మూత కంటే ఎత్తుగా ఒక కర్రకు కట్టండి. ఆ కొస తెరిచే ఉండాలి. ఇప్పుడు వంటింటి కుళాయి మెల్లగా తెరిస్తే నీళ్లు ఆ పైపులో పైకి ఎక్కుతాయి. బుడగలుంటే పైపును వేలితో తట్టి పోగొట్టండి. ఇంట్లో మిగతా కుళాయిలన్నీ కట్టేసి ఉంటే, లెవెల్ పైపులోని నీళ్లు ఎక్కడ నిలబడాలి? ట్యాంకులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో సరిగ్గా అక్కడ. పైపు మీద ఆ చోట పెన్నుతో గీత పెట్టండి.

ఇప్పుడు ఇంకొకరిని బాత్‌రూమ్ కుళాయి పూర్తిగా తిప్పమనండి. మీ కళ్లముందే లెవెల్ పైపులో నీళ్లు కిందికి జారతాయి. ఎన్ని అడుగులు జారితే అన్ని అడుగుల ఒత్తిడిని ట్యాంకుకూ, మీ వంటింటి కొమ్మ విడిపోయే చోటుకూ మధ్యనున్న ఉమ్మడి పైపు తినేస్తోందన్నమాట. ఒక అడుగు జారితే పరవాలేదు. నాలుగైదు అడుగులు జారి నీళ్లు పిట్టగోడ దిగిపోయి కిటికీ వైపు పోతే జబ్బు పైననే, వాల్వులోనో, దిగే పైపులోనో ఉంది. నీళ్లు పెద్దగా కదలకుండా ఉండి, వంటింట్లో బకెట్ మాత్రం నెమ్మదిగా నిండుతుంటే జబ్బు వంటింటి కొమ్మలోనే ఉంది. ఏ కుళాయీ తిప్పకముందే నీళ్లు ట్యాంకు మట్టం కంటే తక్కువలో ఆగిపోతే లైనులో గాలి చిక్కుకుంది. నన్ను పిలిచిన ఇంట్లో నేను ముందు చేసేది ఇదే. గోడ పగలగొట్టకుండా, ఒక్క టైలు తీయకుండా అడ్డం ఎక్కడుందో చెప్పేస్తుంది. ఇంటివారు కూడా నా మాట నమ్మవలసిన పని లేకుండా తమ కళ్లతో చూస్తారు.

జబ్బు పైన ఉందని తేలితే మొదట అనుమానించవలసింది ట్యాంకు పక్కనున్న గేట్ వాల్వు. మన వైపు బోరు నీళ్ల ఉప్పుకు దాని లోపలి ఇత్తడి మరలు అరిగిపోతాయి. పైన చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, లోపలి బిళ్ల మాత్రం సగంలో కూర్చుండిపోతుంది. మీరు పూర్తిగా తెరిచానని అనుకుంటారు, నీళ్లకు దారి సగమే ఉంటుంది. చక్రం ఎన్నిసార్లు తిప్పినా చివర గట్టిగా ఆగిన భావన రాకపోతే అది పోయినట్టే. దాన్ని తీసేసి, పిడి పావు చుట్టు తిప్పితే తెరుచుకునే ఇత్తడి బాల్ వాల్వు వేయించండి. కొనేటప్పుడు దాని కన్నంలోంచి చూడండి. కొన్ని రకాలకు బయట అంగుళం అని రాసి ఉన్నా లోపలి కన్నం ముప్పావు అంగుళం కూడా ఉండదు. అదే సమయంలో ట్యాంకు అడుగు కూడా కడిగించండి. ఒండ్రు, ఆకులు బయటికి వెళ్లే కన్నానికి అడ్డం పడటం తరచూ చూసేదే.

తర్వాత పైపు. 22 ఏళ్ల ఇల్లంటే లోపల జి.ఐ. పైపులే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులే అయి ఉండవచ్చు. బయటికి రంగు వేసి నిగనిగలాడుతుంటాయి, లోపల తుప్పు మొటిమల్లా లేచి ఉంటుంది. ముఖ్యంగా అడ్డంగా పోయే చోట్ల, పైపు మలుపు తిరిగే ఎల్బోల దగ్గర. పొదిలిలో ఒక ఇంట్లో వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తున్నాయని పిలిచారు. గీజర్ నుంచి బయటికి వచ్చే ఎల్బోను కోసి చేతిలోకి తీసుకున్నాను. అర అంగుళం పైపులో మధ్యన పెన్సిల్ దూరేంత కన్నం మిగిలింది. చుట్టూ తెల్లటి గార, ఒక పొర మీద ఒక పొర, ఆల్చిప్ప అంచులా. గోటితో గీస్తే రాలదు, సుత్తితో కొడితే పెచ్చులుగా ఊడింది. ఇంటావిడ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఇదంతా మన పడమటి మండలాల నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. నీళ్లు వేడెక్కినప్పుడు అవి గట్టిపడి లోహాన్ని అంటుకుంటాయి, అందుకే గీజర్ వైపు ముందు మూసుకుపోతుంది. కనిగిరి, పొదిలి వైపువారు దీన్ని ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరైడ్ పళ్లకూ, ఎముకలకూ చేసే హాని వేరు, పైపులో గార పట్టించేది అది కాదు.

ఈ గారను కరిగిస్తామని లైనులో యాసిడ్ పోసేవారు ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. యాసిడ్ గారతో ఆగదు, జి.ఐ. పైపు పూతనూ, వాల్వులనూ తినేస్తుంది. కొంచెం మిగిలి ట్యాంకు నీళ్లలో కలిసినా పిల్లల ఒంటి మీదికీ, నోట్లోకీ పోతుంది. మూసుకుపోయిన జి.ఐ. పైపుకు మార్చడమే దారి. కొట్టి, ఊపి, తుప్పు రాల్చడం కూడా వద్దు, రాలిన తుప్పంతా వెళ్లి కుళాయిల్లోనూ, వాషింగ్ మెషీన్ జాలీలోనూ కూర్చుంటుంది.

మార్చేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. అంగుళం పైపు అర అంగుళం పైపుకు రెండింతలు నీళ్లు మోస్తుందని చాలామంది అనుకుంటారు. అదే ఎత్తు నుంచి, అదే దూరానికి, సుమారు ఆరు రెట్లు మోస్తుంది. కన్నం వైశాల్యమే నాలుగు రెట్లు, పైగా గోడల రాపిడి తగ్గుతుంది. ఎత్తు తక్కువగా ఉన్న మీలాంటి ఇంటికి లావు పైపును మించిన మందు లేదు. నేనైతే మీ ఇంటికి ఇలా చేస్తాను: ట్యాంకు నుంచి పై వాటాకు ఒక పైపు, కింది వాటాకు ఇంకొక పైపు, దేని వాల్వు దానికి. పై వాటాది ఒకటింబావు అంగుళం సి.పి.వి.సి. (వేడినీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్ పైపు), గోడ బయట నుంచే దింపి, బాత్‌రూమ్‌కూ వంటింటికీ అంగుళం కొమ్మలు, కుళాయి దగ్గర చివరి రెండు అడుగులు మాత్రమే అర అంగుళం. ఎల్బోలు ఎంత తక్కువైతే అంత మంచిది. బయట దించితే లోపలి టైళ్లు ముట్టనక్కరలేదు, ఎండ తగలకుండా రంగు వేస్తే చాలు. కింది వారు ఎన్ని కుళాయిలు తిప్పినా ఇక మీ ధార తగ్గదు.

అదే పనిలో గాలి గొట్టం మరచిపోవద్దు. ట్యాంకు నుంచి బయటికి వచ్చిన పైపు, వాల్వు దాటగానే మూడు దారుల టీ జాయింటు ఒకటి వేసి, దాని నుంచి ట్యాంకు మూత కంటే ఎత్తుగా ఒక సన్నటి గొట్టం నిలబెట్టాలి. పై కొస వంచి కిందికి చూసేట్టు పెట్టి జాలీ కడతాం. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండినప్పుడు పైపులోకి చేరిన గాలి దీనిలోంచి పోతుంది. సింగరాయకొండలో ఒక ఇంట్లో రంగులు వేయించిన నెల నుంచి పై కుళాయిలు ఉండి ఉండి దగ్గినట్టు నీళ్లు కక్కుతున్నాయని చెప్పారు. డాబా ఎక్కి చూస్తే, ఊరికే నిలబడి ఉన్న గొట్టం చూడటానికి బాగాలేదని ఎవరో దానికి మూత బిగించేశారు. మూత విప్పగానే బుస్సుమని గాలి పోయింది, కింద కుళాయి దారిలో పడింది. అంతే పని, నేను డబ్బు తీసుకోలేదు. పైపును డాబా మీద ఎక్కించి దించి, ఒంటె వీపులా వేసినా గాలి ఆ మూపురంలోనే చిక్కుకుంటుంది. ట్యాంకు నుంచి కుళాయి దాకా దారి ఎప్పుడూ దిగుతూనే ఉండాలి.

ఇక మీ షవర్. పళ్లెమంత షవర్ బాగుండాలంటే వంద కన్నాల్లోంచీ ఒకేసారి నీళ్లు పడాలి, దానికి ధారా కావాలి, ఒత్తిడీ కావాలి. పైగా నీళ్లను కుళాయికో, షవర్‌కో మళ్లించడానికి గోడలో దాచిన డైవర్టర్ లోపలి దారులు సన్నవి. అది వచ్చిన పెట్టె ఇంకా ఉంటే చూడండి, కనీస ఒత్తిడి ఎంత ఉండాలో రాసి ఉంటుంది. 1 బార్ అని ఉంటే మా లెక్కలో ఇంచుమించు ఒక కేజీ, అంటే షవర్‌కు 33 అడుగుల పైన ట్యాంకు. మీకున్నది 4 నుంచి 8. లావు పైపు వేసినా ఆ షవర్ మీ నాన్నగారి ఇంట్లో ట్యాంకు ఒత్తిడితో పూర్తిగా పనిచేయదు. ఇది ముందే చెప్పవలసిన మాట, అమ్మినవారు చెప్పలేదు. దాన్ని తీసేసి అరచేతి పరిమాణంలో ఉన్న మామూలు షవర్ పెట్టించి చూడండి, పైపు కూడా మారిస్తే మీకు అది చాలని నా నమ్మకం. గీజర్ ఉంటే దాని సేఫ్టీ వాల్వులోని స్ప్రింగు కూడా అడుగో అడుగున్నరో ఒత్తిడి తింటుంది. అయినా దాన్ని మాత్రం తీయనివ్వకండి, అది మీ ప్రాణానికి కాపలా.

ట్యాంకు ఎత్తు పెంచడం ఇంకో దారి. ఇప్పుడున్న దిమ్మె బదులు 5 అడుగుల స్టాండు వేస్తే ట్యాంకు అడుగంటినప్పుడు కూడా షవర్‌కు 8 అడుగులుంటుంది, ఇప్పుడున్న 4కు రెట్టింపు. కరెంటు ఖర్చు లేదు, చెడిపోయేది లేదు. అయితే 1,000 లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. స్టాండు కాళ్లు పిల్లర్ల మీదో, దూలాల మీదో పడాలి, ఉత్త శ్లాబు మధ్యలో నిలబెట్టకూడదు. మన తీరంలో తుపాను గాలులు తెలిసినవే కాబట్టి, ఖాళీ ట్యాంకు ఎగిరిపోకుండా కట్టు కూడా ఉండాలి. ఇంటి నక్షా చూసిన ఇంజినీరు ఒకరితో మాట్లాడి మొదలుపెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా ఆ పెద్ద షవరే కావాలనుకుంటే అప్పుడు పంపు. ట్యాంకు పక్కన, పై బాత్‌రూమ్‌కు వెళ్లే లైనుకు మాత్రమే పెట్టించండి. మీ ఇంటికి అర హార్స్‌పవర్ చాలు. పంపులోకి వెళ్లే పైపు దాని మూతి కంటే సన్నగా ఉండకూడదు. మూసుకుపోయిన పాత పైపుకు పంపు తగిలిస్తే అది నీళ్లు అందక గరగరలాడి పోతుంది, లేదా తుప్పు పట్టిన జాయింట్లు గోడలో కారడం మొదలవుతాయి. గీజర్ మీద రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడి చూసుకోండి. ట్యాంకు ఖాళీ అయితే తానే ఆగిపోయే ఏర్పాటు ఉన్న పంపే తీసుకోండి. కరెంటు లేనప్పుడు మామూలుగా నీళ్లు వచ్చేలా పక్క దారి ఒకటి, అందులో వెనక్కి పోనివ్వని వాల్వు ఒకటి పెట్టమనండి. ఈ వాల్వులన్నీ చేతికి అందేచోట ఉండాలి. చీమకుర్తి గ్రానైట్ పలకలు ఎంత అందంగా బిగించినా, వాల్వు ఉన్నచోట తీసి పెట్టుకునే చిన్న తలుపు ఉంచమని చెప్పండి. ఒక చిన్న వాల్వు కోసం నల్లటి గ్రానైట్ పగలగొట్టవలసి వచ్చిన రోజు ఇంటివారి ముఖం చూడలేం.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. మునిసిపాలిటీ కుళాయికి నేరుగా మోటారు బిగించమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. మంచినీళ్లు రోజంతా వచ్చే ఊరు కాదు మనది. సాగర్ కాలువ నీళ్లు చెరువులో నిలవ చేసుకుని, వంతుల వారీగా వదులుతారు. వదిలిన ఆ కాసేపట్లో ఒక ఇల్లు మోటారుతో లాగితే వీధి చివరి ఇంటికి చుక్క దక్కదు. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. మోటారు లాగేటప్పుడు పైపులో నీళ్ల ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. భూమిలో ఆ పైపు మురుగు కాలువ పక్కనే పోతుంటుంది, ఎక్కడో ఒక జాయింటు కారుతూ ఉంటుంది. అప్పుడు నీళ్లు బయటికి కారడం మాని, మురుగు లోపలికి వస్తుంది. అది మీ ఇంటికే కాదు, వీధికంతా పోతుంది. కుళాయి నీళ్లు వాటంతట అవి సంపులోకి పడనివ్వండి, అక్కడి నుంచి మోటారుతో ఎక్కించుకోండి.

బకెట్ కొలతలు మూడు, లెవెల్ పైపులో నీళ్లు ఎన్ని అడుగులు జారాయో ఆ అంకె, ట్యాంకు దగ్గర బయటికి వచ్చే పైపు ఎన్ని అంగుళాలో, ఇనుమో ప్లాస్టికో, ఇవి రాసి పంపండి. బాత్‌రూమ్ కుళాయిని కింది వాటావారు నీళ్లు వాడుతుండగా ఒకసారి, వాడనప్పుడు ఒకసారి కొలిస్తే ఇంకా మేలు. వాటిని చూసి ఏ ముక్క మార్చాలో, ఎంత పైపు కొనాలో చెబుతాను.